పొదుగులో ఎడమ సగం

కసాయి నాలుగింటికి వస్తానన్నాడు. అప్పటికే మూడున్నర.

పాలకేంద్రం మా క్యాన్లను రెండుసార్లు తిప్పి పంపింది. పొదుగు వాచిన గొర్రె పాలలో ఒక ఎంజైమ్ పెరుగుతుందనీ, మందలో ఏదో ఒకదానికి ఆ జబ్బు ఉందనీ అక్కడి ల్యాబ్ అమ్మాయి చెప్పింది. అది కుంటి గొర్రేనని మా అత్తయ్య తేల్చేసి, కసాయికి కబురు పంపింది. పుట్టిన రోజే తల్లి పోతే, దాన్ని నేను సీసా పాలతో పెంచాను.

"ఒక్కసారి పరీక్ష చేయనివ్వండి అత్తయ్యా. ల్యాబ్ అమ్మాయి ఇచ్చిన ఈ మందు నాలుగు చుక్కలు వేస్తే జబ్బు పాలు నురగ పొంగుతాయట."

"నలభై ఏళ్లుగా పితుకుతున్నాను. నా అరచేతికి తెలియనిది నీ చుక్కలకు తెలుస్తుందా?"

పితికే ముందు మొదటి ధారను అరచేతిలో పట్టి, జబ్బు తరకలున్నాయేమో చూడటం ఆవిడ పద్ధతి. పీట ఎప్పుడూ కుడివైపే. ఆ మొదటి ధార కూడా కుడి చన్నుదే. ఎడమది నేరుగా బిందెలోకి.

కుంటిదాని రెండు చన్నుల పాలూ వేరువేరు గాజు గొట్టాల్లో పట్టాను. చుక్కలు వేశాను. రెండు బుడగలు లేచి చచ్చిపోయాయి. అంతే.

"పాడైపోయిన మందు తెచ్చావు," అంది అత్తయ్య.

"అయితే మీ చిట్టికీ చూద్దాం."

"దాని జోలికెళ్లావంటే ఊరుకోను!"

అప్పటికే చిట్టి పక్కన కూర్చున్నాను. అది అత్తయ్య ముద్దుల గొర్రె, ఆవిడ వెంట వంటగదిలోకి కూడా వచ్చేస్తుంది. కుడి చన్ను పాలలో నురగ రాలేదు.

"చూశావా!"

ఎడమవైపు చెయ్యి వేశాను. పొదుగు వెచ్చగా, గట్టిగా తగిలింది. చుక్కలు పడగానే నురగ గొట్టం దాటి నా వేళ్ల మీదుగా కారింది.

బయట బండి హారన్ మోగింది.

అత్తయ్య వంగి ఎడమ చన్ను నుంచి అరచేతిలోకి ఒక ధార తీసింది. సన్నని తెల్లటి తరకలు. బొటనవేలితో వాటిని నలిపి చూసింది.

"ఏదమ్మా గొర్రె?" కసాయి గుమ్మంలోకి వచ్చాడు.

అత్తయ్య నా వైపు చూసింది. చిట్టి పేరు నా నాలుక చివర దాకా వచ్చింది.

"మందులు వాడితే తగ్గొచ్చందా ఆ ల్యాబ్ అమ్మాయి?" అని మెల్లగా అడిగింది.

"తగ్గొచ్చంది. అప్పటిదాకా దాని పాలు బిందెలో కలపకూడదు."

"గొర్రె లేదు, గిర్రె లేదు. వెళ్లు నాయనా."

బండి వెళ్లిపోయింది. అత్తయ్య చెయ్యి కడుక్కుని, పీట తీసుకెళ్లి తర్వాతి గొర్రెకు ఎడమవైపు వేసుకుంది.

"ఆ గొట్టాలు ఇటు తే. ఇంకా పదిహేడున్నాయి."