కనబడని అతుకు

రెబెక్కా గుండె ఆగిన రోజు చిట్టెమ్మ ఇటలీలో ఒక పెద్ద హాల్లో కూర్చుని ఉంది. ముందు బల్ల మీద తెల్లని లేసు పూలు. చుట్టూ మనుషులు. మాట కలిసే మనిషి మాత్రం లేదు.

నరసాపురం పక్క పల్లెలో వాళ్ళిద్దరివీ ఎదురెదురు ఇళ్ళు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ చిట్టెమ్మ దారంతో పూలు అల్లుతుంది. రెబెక్కా వాటిని కలిపి బల్లగుడ్డ చేస్తుంది. అల్లేవాళ్ళు అతకరు, అతికేవాళ్ళు అల్లరు. అక్కడి పని తీరు అది. అతుకు ఎక్కడుందో కనబడకపోవడమే ఆ పనికి మెప్పు.

విదేశీ ప్రదర్శనలకు వెళ్ళే స్తోమత లేని చేతిపనివారికి ఒక సంస్థ ప్రయాణ గ్రాంటు ఇస్తోందని రెబెక్కా భర్త, స్కూలు మాస్టారు యెహెజ్కేలు పేపర్లో చూశారు. ఇద్దరి చేతా పాస్‌పోర్టులు తీయించారు. సంస్థ నుంచి ఒకావిడ వచ్చి బల్లగుడ్డను చేతిలోకి తీసుకుంది.

"ఎంత బాగుందండీ! ఎవరు చేశారు?"

"చిట్టెమ్మండి," అంది రెబెక్కా.

అతుకు పనివాళ్ళంతా అలాగే, అల్లినవాళ్ళ పేరే చెబుతారు. ఆవిడ ఒక్క పేరే రాసుకుంది. గ్రాంటు కూడా ఒక్కరికే. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. అయినా ఒక మనిషి లెక్కలోంచి జారిపోయింది.

"నువ్వు లేకుండా ఎలా వెళ్తాను వదినా?" అంది చిట్టెమ్మ.

"విమానానికి నా బరువు తప్పింది, సంతోషించు. అక్కడ మరీ నవ్వకు, నీ పన్ను ఊడిన సంగతి తెలిసిపోద్ది."

ఇటలీ హాల్లో వచ్చినవాళ్ళంతా బల్లగుడ్డను తిప్పి చూసి, పూలు ఎలా కలిశాయని సైగలతో అడిగారు. చిట్టెమ్మకు అది చేసి చూపించడం రాదు. సాయంత్రం ఫోన్ చేసింది.

"వదినా, అందరూ అతుకే అడుగుతున్నారు. నిన్నే అడుగుతున్నారు."



"నన్నా?" అంది రెబెక్కా.

మరునాడు చిట్టెమ్మ హాల్లోంచి చేసిన ఫోన్ మాస్టారు ఎత్తి, రెబెక్కా ఇక లేదని చెప్పారు. తిరుగు టిక్కెట్ తేదీ మార్చడం కుదరలేదు. ఆమె వచ్చేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయింది.

తర్వాతి ఆదివారం, ఇటలీ వెళ్ళొచ్చినందుకు చర్చిలో చిట్టెమ్మకు శాలువా కప్పారు. మాస్టారిని మాట్లాడమన్నారు. ఆయన లేచారు.

"చిట్టెమ్మగారిని పంపినవారికి నా నమస్కారం. పేద మనిషిని సముద్రం దాటించడం చిన్న సంగతి కాదండి. కానీ మా ఇళ్ళల్లో ఏ పనీ ఒక్క చేత్తో అవ్వదు. ఒక్కరినే పిలిస్తే, అక్కడ ఒకరు ఒంటరి, ఇక్కడ ఒకరు ఒంటరి. ఎవరు చేశారని అడిగి ఆగిపోకండి. ఇంకెవరు చేశారని కూడా అడగండి."

ఆ మాటతో కూర్చున్నారు.

చిట్టెమ్మ మళ్ళీ పూలు అల్లుతోంది. పూలు దాచే డబ్బా నిండిపోయింది. అతికే మనిషి ఇంకా కుదరలేదు. వచ్చే ఏడాది గ్రాంటు కూడా ఒక్కరికే.