బామ్మర్ది కొన్న చాకు

కామాటిపుర పేరు చెబితే పైవాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. ఆ పేరు కామం మీంచి పుట్టిందనుకుంటారు. పుట్టింది కామాట్ల మీంచి. రాళ్ళు మోసి, సున్నం తొక్కి, బొంబాయిని నిలబెట్టి, తాము మాత్రం వంగిపోయిన మనవాళ్ళ మీంచి. ఈ సంగతి ఎవరైనా మొగులయ్య ముందు ఎత్తితే, "కామమైనా, కామాటమైనా, అరిగేది నడుమేరా" అని తేల్చేసేవాడు.

మొగులయ్య చేతి పని పరాంచి కట్టడం. ఊళ్ళో పరంజా అంటామే, అదే. వెదురు బొంగుల్ని కొబ్బరితాడుతో కట్టుకుంటూ, కట్టిన దానిమీదే నిలబడి, పైది కడుతూ పోవాలి. ఇక నోటి పని వేరే ఉంది. ఎదురైనవాణ్ణి ఉతికి ఆరెయ్యడం. ముఠాలో మధ్యాహ్నం రొట్టె మూట విప్పారంటే అందరూ మొగులయ్య నోరు విప్పడం కోసం చూసేవాళ్ళు. ముఠాకు పెద్ద మేస్త్రి, ముకద్దం నర్సింహులు అంతటివాడు కూడా ముందు మొగులయ్య మాటకు నవ్వి, తర్వాతే ముద్ద నోట్లో పెట్టుకునేవాడు. ఆ నవ్వు మొగులయ్యకు కూలికి పైకూలి.

ఆ ఏడు ఉతకడానికి ఇంట్లోనే ఒక బట్ట దొరికింది. బామ్మర్ది సాయిలు.

సాయిలు వర్లిలో ఉండి బట్టల మిల్లులో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. మిల్లుల సమ్మె రెండో ఏట పడింది. సాంచా ఆగింది, జీతం ఆగింది, అద్దె కట్టలేక వర్లి గది పోయింది. పెళ్ళాం పిల్లను చంకనేసుకుని పాలమూరు బస్సెక్కింది. నీకు పని దొరికిన నాడు కబురు పెట్టు, ఆ మర్నాడే బయల్దేరుతానని చెప్పి మరీ ఎక్కింది. అప్పట్నించి సాయిలు అక్క రాజవ్వ గదిలో, బావ మంచం కింద పడుకుంటున్నాడు. నేత పోయింది, మేత మిగిలింది అనేవాడు మొగులయ్య, బామ్మర్ది కంచంలో రొట్టె తుంపుకుంటున్నప్పుడల్లా. రాజవ్వ ముఖం తిప్పుకునేది. అక్క మెడలో తాళి కట్టినవాడికి తమ్ముడి మీద ఎగతాళి హక్కు ఎలాగూ ఉంటుంది. మన వరసల్లో దాన్ని కాదనేవాడెవడు? సాయిలు కూడా నవ్వేవాడు. తిండి పెట్టేవాడు నవ్వమన్నప్పుడు నవ్వకపోతే ఎలా?

ఒకరోజు రాజవ్వ తనే పోయి ముకద్దం కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. నర్సింహులు కరిగాడు. సోమవారం పొద్దున రమ్మను, ఒక కట్టు కట్టించి చూస్తా, చెయ్యి బాగుంటే ఉంచుకుంటా అన్నాడు. ఒకటే షరతు. సొంత చాకు తెచ్చుకోవాలి. చాకు లేనివాడికి పరాంచి మీద చాకిరి లేదు.

మొగులయ్య ఆ మాట విని, తాముండే గదుల వరస చాలీలో అందరికీ వినపడేట్టు అన్నాడు. "తాడూ బొంగరం లేని మా బామ్మర్దికి ఇగ తాడూ బొంగూ దొరుకుతున్నయ్."

ఆదివారం ఇద్దరూ ఫోరస్ రోడ్డు మీద తాళాలు, కత్తెరలు, చాకులు అమ్మే ఒక ముసలి సేటు దుకాణానికి పోయారు.

ఇక్కడ ముఠా రివాజు ఒకటి చెప్పాలి. మన ఇళ్ళల్లో కత్తిని ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి ఇవ్వరు. ఇస్తే ఆ ఇద్దరికీ తెగని కొట్లాట తప్పదంటారు. కింద పెడతారు, రెండోవాడు తీసుకుంటాడు. సరే, నేలమీద ఉన్నవాడికి కింద అనేది ఉంటుంది. నాలుగో మాడీ, అంటే నాలుగో అంతస్తు ఎత్తున బొంగు మీద వేలాడేవాడికి కింద ఎక్కడుంది? అందుకని మన ముఠాలు ఒక ఉపాయం కనిపెట్టాయి. తాడు కోసినవాడు చాకును బొంగులో దిగేట్టు పొడిచి చెయ్యి తీసేస్తాడు. పక్కవాడు దాన్ని పీక్కుంటాడు. రోజంతా అదే. పొడుచుడు, పీకుడు. అందుకే వాళ్ళ చాకులన్నిటికీ వెనక తాళం ఉంటుంది. తెరిచాక టక్కున పడుతుంది, మళ్ళీ దాన్ని నొక్కితే తప్ప చాకు మూసుకోదు. అలాంటి చాకు జేబులో దొరికితే ఫాక్‌లాండ్ రోడ్డు మీద పోలీసులు ఊరుకోరు గనక, పని దగ్గరి గోనెసంచిలోనే వదిలి ఇంటికొస్తారు. సాయిలు వాటిని ఎన్నడూ చూడలేదు.

సాయిలు చాకును ఎంచడం చూస్తే పిల్లనిచ్చేవాడు అల్లుణ్ణి ఎంచినట్టుంది. సేటు మొదట తళతళలాడే స్టీలుది పెట్టాడు. గోళ్ళు తీసేది, సీసా మూత తీసేది, చెవిలో గుమిలి తీసేది, అన్నీ ఉన్నాయి అందులో. సాయిలు పక్కకి నెట్టాడు. ఇంకోటి తీసి చెవి దగ్గర పెట్టుకుని తెరిచాడు, మూశాడు. స్ప్రింగు చప్పుడు నచ్చలేదు. మరోదాన్ని వెలుతురుకెత్తి, అలుగుకీ పిడికీ మధ్య సందు ఉందేమోనని ఒంటికన్నుతో చూశాడు. అటూ ఇటూ ఒత్తి అలుగు ఊగుతుందేమో చూశాడు. చివరికి ఒక ఇనప చాకు పట్టుకున్నాడు. నల్ల కొమ్ము పిడి, రెండు కొసలా ఇత్తడి, మందపాటి వీపు, గట్టి గుబ్బమేకులు. జేబులోంచి కొబ్బరితాడు ముక్క తీసి ఒక్క లాగు లాగాడు. తాడు వెన్నలా తెగింది. ఇది నా కొడుకు కాలం దాకా వస్తుంది బావా అన్నాడు. కొడుకు ఇంకా పుట్టలేదు.

సేటు తలూపాడు. మంచి మాల్ అన్నాడు. అయితే ఒక మాట అంటూ పక్కనించి తాళమున్న చాకు తీసి, తెరిచి, టక్కుమనిపించి చూపించాడు. ఇది చేతిమీద మూసుకోదు, నువ్వు పట్టుకున్నది కోయడానికే, పొడవడానికి కాదు అని హిందీలో విడమరిచి చెప్పాడు.

"నేనెవరిని పొడుస్త సేట్?" అన్నాడు సాయిలు. అన్నాడే గాని అనుమానం పడ్డాడు. రెండు చాకులూ రెండు అరచేతుల్లో పెట్టుకుని బావ వైపు తిరిగాడు. "బావా, మీయన్నీ ఎట్లుంటయ్? తాళమున్నది తీస్కోనా?"

మొగులయ్యకు ఆ క్షణంలో చెప్పాల్సిన మాట నాలిక మీదే ఉంది. దానికంటే ముందు ఇంకో మాట తోసుకొచ్చింది. నాలిక చివర ఎప్పుడూ తొక్కిసలాటే. ముందు బయటపడేది నవ్వొచ్చేదే.

"నీకెందుకురా తాళం? ఇల్లున్నదా, పెట్టెన్నా ఉన్నదా?"

సేటు దగ్గర బేరం చేస్తున్న ఇద్దరు మనవాళ్ళు పగలబడి నవ్వారు. సాయిలు కూడా నవ్వాడు. నవ్వుతూనే తాళమున్న చాకును బల్లమీద పెట్టేశాడు, నల్లపిడి చాకును జేబులో వేసుకున్నాడు.

మొగులయ్యకు దారిపొడుగునా కడుపులో కితకితలే. రేపు పరాంచి మీద వీడు చాకును బొంగుకు గుచ్చుతాడు, అది చటుక్కున మూసుకుని వీడి వేలు కొరుకుతుంది. కాస్త తోలు లేస్తుంది, వీడు కేకేస్తాడు, ముఠా ఒక నెల నవ్వుకుంటుంది. ఆ తర్వాత తాళం చాకు తనే ఇప్పిస్తాడు. ఆగలేక ఆ సాయంత్రమే నల్లా దగ్గర ముఠావాళ్ళందరికీ చెప్పేశాడు. రేపు మా బామ్మర్ది చాకు బామ్మర్దికే దండం పెడ్తది, చూడుండ్రి అని.

గదిలో రాజవ్వ కొత్త చాకును ఎల్లమ్మ పటం ముందు పెట్టి పసుపు కుంకుమ అద్దింది. కొత్త ఇనుము ఆకలిగా ఉంటుందట, దాని తొలిముద్ద నిమ్మకాయే కావాలట. నిమ్మకాయ కోసి రెండు ముక్కలూ గడపకు రెండు పక్కలా పెట్టింది. సాయిలు పాలమూరుకు పోయేవాళ్ళెవరైనా ఉన్నారా అని చాలీ అంతా తిరిగి వాకబు చేసి, దొరికినవాడితో పెళ్ళానికి కబురంపి వచ్చాడు.

సోమవారం పొద్దున భాయ్‌ఖలా దిక్కు ఒక పాత మేడకు పరాంచి కడుతున్నారు. సాయిలు బొంగెక్కాడు. కాళ్ళకు ఎత్తు కొత్త గాని చేతులకు ముడి కొత్త కాదు. దారాలు ముడేసిన చేతులవి. నిలువు బొంగుకు అడ్డబొంగు ఆనించి, రెండు చుట్లు చుట్టి, అడ్డంగా బిగించి, ముడి లోపలికి దోపేశాడు. కింద నిలబడ్డ నర్సింహులు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, ముడి బాగున్నదిరా అన్నాడు. మెచ్చుకోవడంలో ముకద్దం పిసినారి. ఆ ఒక్కమాట పది మాటల పెట్టు.

సాయిలు చాకు తీసి మిగులు తాడు కోశాడు. ఒక్క కోత.

పక్క బొంగు మీద మొగులయ్య చెయ్యి చాచి, ఇటివ్వు అన్నాడు. సాయిలు ఇవ్వబోయి ఆగాడు. "చేతికెట్లిత్త బావా?"

"బొంగుకు గుచ్చు. గట్టిగ గుచ్చు, మల్ల కింద పడ్తది."

ముఠా పని ఆపింది. అందరూ చూస్తున్నారని సాయిలుకు తెలిసింది. ఎందుకు చూస్తున్నారో తెలియలేదు. పనికి కుదిరే గడియ గదా అనుకున్నాడు. అందుకని పిడి పిడికిట బిగించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి పొడిచాడు. తగిలిన చోట కణుపుంది. ఎండిన కణుపు రాయితో సమానం. మొన దిగలేదు. అలుగు వెనక్కి మడుచుకుంది.

ముఠా గొల్లుమంది. ఏం జరిగిందో కనబడక ముందే నవ్వు మొదలైంది. నిన్నటి నించి దాచుకున్న నవ్వది. ఆ నవ్వు మీదికి మొగులయ్య తన మాట వదిలాడు.

"మావోడు ఏది పట్టుకుంటే అది మూసుకుంటది. మొదలు మిల్లు, ఇప్పుడు చాకు."

ఇంకోసారి గొల్లుమన్నారు. చాకు కింద పడలేదు. సాయిలు వేళ్ళల్లోనే వేలాడుతోంది. మూసుకోవాల్సిన చోట నాలుగు వేళ్ళు అడ్డం ఉన్నాయి మరి. మంచి స్ప్రింగు, వదల్లేదు. నెత్తురు మోచేతి దాకా వచ్చి అక్కడినించి ముకద్దం తలపాగా మీద పడ్డాక నవ్వు ఒక్కొక్కరి దగ్గరే ఆగింది. అందరికంటే ఆఖరున మొగులయ్య దగ్గర.

దింపి, చాకు విప్పి, తువ్వాల చుట్టారు. సాయిలు ఏడవలేదు. ముఖం సున్నంలా అయింది. తువ్వాల చెయ్యి గుండెకు పెట్టుకుని ఒకటే మాట అడిగాడు. "ముకద్దమన్నా, కట్టు మంచిగున్నదన్నవు గదా. పనిలకు తీస్కున్నట్టే గదా?"

నర్సింహులు తలపాగా విప్పి దులుపుకున్నాడు. ముందు దవాఖానకు తీస్కపోండ్రి అన్నాడు.

సర్కారు దవాఖానలో కుట్లు పడ్డాయి. లోపలి నరాలు తెగాయి, నాలుగు వేళ్ళూ ఇక మడవడం కష్టం అన్నాడు డాక్టరు. చాకు మడుచుకుంది, వేళ్ళు మడుచుకోవు. ఈ మాట మొగులయ్యే అన్నాడు, దవాఖాన మెట్ల మీదే, తోడొచ్చినవాళ్ళతో. వాళ్ళు నవ్వారు గాని మునుపటంత కాదు. నవ్వు తగ్గిన కొద్దీ మొగులయ్యకు లోపల ఏదో గుబులు. గుబులు పుట్టిన కొద్దీ ఇంకో మాట అనాలనిపించేది. దురద ఉన్న చోటే గోకినట్టు.

సాయిలు కుడిచెయ్యి పలకలా నిలబడిపోయింది. ముడి పడదు, తాడు పట్టదు, రేపు మిల్లు తెరిచినా సాంచా దగ్గరికి రానివ్వరు. పాలమూరుకు రెండో కబురు పోయింది. పెళ్ళాం దగ్గర్నించి ఏ కబురూ రాలేదు. ఎడంచేత్తో తినడానికి రాజవ్వ ఒప్పుకోలేదు. తన చేత్తో కలిపి, తనే ముద్దలు పెట్టేది. తమ్ముడి తర్వాతే మొగుడి కంచం. మొగులయ్య గోడకానుకుని తన వంతు కోసం కూచునేవాడు.

చాకును మాత్రం అతనే కడిగి తెచ్చి గూట్లో పెట్టాడు. దానికేం కాలేదు. మొన వంగలేదు, మేకు కదల్లేదు. సాయిలు అన్నట్టే తరాలు వచ్చే సరుకు.

పరామర్శకు వచ్చినవాళ్ళకల్లా గది బయట వసారాలో మొగులయ్య కథ చెప్పేవాడు. చెప్పీ చెప్పీ కథ బాగా పదునెక్కింది. ఒక సాయంత్రం ముఠావాడి చుట్టాలెవరో వస్తే వాళ్ళకు చెబుతూ, సేటు దుకాణం దాకా వచ్చి, కొత్తగా ఒక కొస కలిపాడు. "తాళం లేకుంటే మూసుకుంటదని నాకు ఎర్కలేదా? ఎర్కుండే ఊకున్న. చెప్పేస్తే మజా ఏముంటది?"

లోపల రాజవ్వ అన్నం కలుపుతున్న గాజుల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

చుట్టాలు పోయాక మొగులయ్య లోపలికొచ్చి కూచున్నాడు. కంచం రాలేదు. తమ్ముడికి ముద్దలు నడుస్తున్నాయి. ఊరికే కూచోలేక, ఉల్లిగడ్డన్నా కోసియ్యరాదే అన్నాడు.

రాజవ్వ లేచింది. గూట్లోంచి నల్లపిడి చాకు తీసింది. కుడిచేతికి అన్నం అంటి ఉంది గనక ఎడంచేత్తో, పంటితో తెరిచింది. వచ్చి మొగుడి ముందు నిలబడి చెయ్యి చాచింది. మొగులయ్య అలవాటుగా నేలను తట్టి చూపించాడు, ఇక్కడ పెట్టమని. ఆమె వంగలేదు.

"కింద పెట్ట. చేతికే ఇస్తున్న. తీస్కో."

"అక్కా, వద్దే, కింద పెట్టు," అన్నాడు సాయిలు మూల నించి, నోట్లో ముద్దతోనే.

"నువ్వు తిను తమ్మి." ఆమె చూపు మొగుడి మీదే ఉంది. "దుకాణంల ఈన నోరు మూసుకున్నడు. పరాంచి మీద చాకు మూసుకున్నది. నేను మూసుకోను. పట్టుకో."

వసారాలో ఎవరో నడిచిపోయారు. మొగులయ్య చెయ్యి చాచాడు. ఏం చేస్తాడు? పిడి ఆమె చేతి వెచ్చదనంతో అతని చేతిలోకి వచ్చింది. వేళ్ళు వేళ్ళకు తగిలాయి. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె అతనికి అలా ఇచ్చిన ఇనుము అదొక్కటే.

రాజవ్వ తిరిగిపోయి తమ్ముడి ముందు కూచుంది. సాయిలు భయంభయంగా నోరు తెరిచాడు. మొగులయ్య కూడా నోరు తెరిచాడు, ఒక మాట కోసం. గదిలో తెరిచిన నోళ్ళు రెండు. ముద్ద ఒక్కదానికే అందింది.