మొరాయించిన స్టాండు

కృష్ణకుమారి తన చెయ్యి పని అయిపోయిందనే అనుకుంది. అమెరికాలోని ప్లేనోలో ఆఫీసు వాళ్లు ఒకసారి షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్తే, ఆ సరదా కాస్తా ముదిరి, యాభై దాటాక రైఫిల్ కొనుక్కున్న మనిషి ఆవిడ. బల్ల ముందు కూర్చుని, ఇనుప స్టాండు మీద రైఫిల్ ఆనించి, స్టాండుకున్న మర తిప్పుతూ గురిని వెంట్రుకవాసి జరపడమే ఆ ఆట. వేసవంతా గుళ్లన్నీ ఒకే చిల్లులో దూరినట్టు పడ్డాయి. చలి మొదలయ్యాక మాత్రం మర తిప్పితే గురి కదలదు, కదిలితే ఎగిరిపడుతుంది. వేళ్లలో పట్టు తప్పిందని, వయసు మీద పడిందని ఆవిడ ఖాయం చేసేసుకుంది. ఒకరోజు కార్లో కూర్చుని ఏడ్చింది కూడా. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

స్టాండూ రైఫిలూ అమ్మేస్తానంటే, కొనుక్కుంటానని క్లబ్‌లో కుర్రాడు రఘువీర్ ముందుకొచ్చాడు. పక్కింటికి గిన్నె ఇచ్చినా తోమి ఇచ్చే మనిషి కదా ఆవిడ, అతను వచ్చేలోపు శుభ్రం చేద్దామని గరాజ్‌లో కూర్చుని మర విప్పింది.

చుట్ల నిండా తెల్లగా ఏదో పేరుకుపోయి ఉంది. గోటితో గీకితే వేళ్ల మధ్య ఇట్టే కరిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే చిన్నప్పటి జడ వాసన.

కొబ్బరినూనె! ఆ ఇంట్లో తలుపు బందులకీ, కుట్టుమిషన్‌కీ, మోకాలి నొప్పికీ అదే మందనే మహానుభావుడు ఒక్కడే, మొగుడు లక్ష్మీపతి.

కాఫీ కప్పుతో వచ్చిన ఆయన వెంటనే ఒప్పేసుకున్నాడు. "జూన్‌లో కిర్రుమంటోందన్నావు కదా. రెండు చుక్కలు వేశాను."

"చలికి గడ్డకడుతుందని తెలీదా అండీ?"

గరాజ్‌లో చలి సంగతి తట్టలేదన్నాడు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. అంతకు మించి ప్రాణం లేచొచ్చింది. పాత టూత్‌బ్రష్‌తో, థిన్నర్‌తో చుట్లన్నీ కడిగి, ఆరబెట్టి, కాటుక పెట్టినంత పల్చగా గ్రీజు రాసింది. మర బిగించి ఒక్క వేలితో తిప్పింది. హాయిగా తిరిగింది. వేలు ఎక్కడ ఆపితే అక్కడే ఆగింది.

రఘువీర్ వచ్చేసరికి ఆవిడ ఇంకా తిప్పుతూనే ఉంది. ఏమీ అమ్మడం లేదని, శనివారం పోటీలో అతని పక్క బల్ల తనదేనని చెప్పేసింది.

లక్ష్మీపతికి ఏమీ అర్థం కాలేదు. "అమ్మడమేంటి?"

"నా చెయ్యి పోయిందనుకున్నానండీ."

ఆయన కప్పు కింద పెట్టి, గ్రీజు అంటిన ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. రఘువీర్ ఉన్నాడని కూడా చూడలేదు.