వృథా పోకూడదని

మిగిలిన కూర ఏం చేయాలని ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడిగింది లేదు. అడగాల్సిన అవసరం లేకుండా డ్రాయింగ్ టీచర్ ఉంది. బడిలో పిల్లలూ తోటి టీచర్లూ ఆమెను ఆ మాటతోనే పిలుస్తారు. ఇంట్లోనైతే అసలు పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. ఆ పొద్దున కూడా ఆమె స్టవ్ ముందు నిలబడి రెండు కూరలు వండింది. ఒక పొయ్యి మీద నూనె చుక్క లేకుండా, ఉప్పు తగ్గించి, భర్తకీ, ఈమధ్య వయసు రీత్యా అత్తగారికీ కూరగాయల కూర. రెండో పొయ్యి మీద కాలేజీకి వెళ్లే కూతురికి ఇష్టమైన బంగాళాదుంపల వేపుడు. తనకంటూ మూడో గిన్నె ఏనాడూ పెట్టుకోలేదు. నిన్నటి వేపుడు అడుగున కాస్త మిగిలింది. అది ఎండిపోయిందని ఇంకో చెంచాడు నూనె పోసి, వేడి చేసి, నిలబడే తినేసి గిన్నె కడిగేసింది.

భర్త పెందలాడే తయారై కూర్చున్నాడు. ఆఫీసువాళ్లు ఉద్యోగికీ, ఇంట్లో మరొకరికీ గుండె స్కాను చేయిస్తున్నారు. మరొకరు ఎవరన్న ప్రశ్నే రాలేదు, ఆయన తల్లి పేరు రాసిచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, న్యాయమే కదా. డ్రాయింగ్ టీచర్ కూడా అలాగే అనుకుంది. స్కానుకు ముందు కాఫీ తాగకూడదన్నారని ఆయన పొద్దుటినుంచీ ఇంటినంతా విసుక్కుంటున్నాడు. "నువ్వు సగం రోజు సెలవు పెట్టు. అమ్మ పక్కన ఎవరో ఒకరుండాలి. సంచులూ అవీ ఉంటాయి," అన్నాడు. ఆమె పెట్టింది.

ఆమె పెళ్లికి ఏడాది ముందే మామగారు గుండెపోటుతో పోయారు. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు ఆమెను వంటింట్లోకి పిలిచి, "వాడి గుండె నీ చేతిలో పెడుతున్నానమ్మాయ్," అంది. కొత్త పెళ్లికూతురు ఆ మాటకు ఎంత మురిసిపోయిందో! తీరా చూస్తే అత్తగారు చెప్పింది నూనె సంగతి. ఆ రోజునుంచి ఇవాళ్టిదాకా ఆయన కంచంలోకి వెళ్లే ప్రతి ముద్దకూ ఆమె కాపలా కాసింది. మీగడ తీసిన పాలు, తోలు తీసిన మాంసం, పొద్దున్నే నడకకు వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర బూట్లు. ఆయన కూర కలుపుకున్న ప్రతిసారీ, "ఏం చప్పిడి తిండో, ఖైదీలక్కూడా ఇంతకన్నా నయం," అంటాడు. అని, వేసిందంతా తింటాడు, ఆ కూర ఏనాడూ మిగలదు. ఇంట్లో ఎవరు ఏది వదిలేసినా అది ఆమె కంచంలోకి చేరేది. అత్తగారికి దానికీ ఒక మాట ఉంది: "మగాడి కడుపు మందు సీసా లాంటిది, కొలిచి పోయాలి. మనది కుండ. ఏది పోసినా ఊరుకుంటుంది." ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతులో బాధ ఉండేది కాదు, గొప్పే ఉండేది. కోడలికీ కొన్నాళ్లకు ఆ గొప్ప అబ్బింది. నా ఇంట్లో మెతుకు వృథా పోదని స్టాఫ్ రూములో చెప్పుకునేది.

బడిలోనూ ఆమెది అదే వరస. లెక్కల సిలబస్ పూర్తికాకపోతే డ్రాయింగ్ పీరియడ్ లాక్కుంటారు. సైన్స్ టీచర్ రాకపోతే, "మీరు ఖాళీయే కదా, కాస్త క్లాసు చూడండి," అని మూడో అంతస్తుకు పంపిస్తారు. ఈ మధ్య ఆ మెట్లెక్కేటప్పుడు రెండో మలుపు దగ్గర ఆగాల్సి వస్తోంది. దవడ కింద ఏదో లాగినట్టు, ఎడమ భుజం మీద ఎవరో చెయ్యి వేసి నొక్కినట్టు. ఒకరోజు భర్తతో చెప్పింది. "గ్యాసు. వేళకు తిను," అన్నాడు పేపరులోంచి తల ఎత్తకుండా. వేళకు తినమనడం ప్రేమే కదా అని ఆమె సర్దుకుంది. నిజానికి ఆ వేళ ఎప్పుడొస్తుందో ఆయన్ని అడిగి ఉండాల్సింది.

స్కాన్ సెంటరులో ముందు భర్త వెళ్లాడు. ఆయన గడియారం, ఉంగరం, కళ్లద్దాలు, పర్సు ఆమె ఒళ్లోకి వచ్చాయి. పది నిమిషాల్లో చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఏముంది, పడుకోవడం, లేవడం!" అంటూ వచ్చాడు. తరువాత అత్తగారు. ఆవిడ గది గుమ్మం దాకా వెళ్లి, ఆ పెద్ద తెల్లటి చక్రాన్నీ, దానిలోకి జరిగే బల్లనూ చూసి అక్కడే ఆగిపోయింది.

"నేను పోను. అందులోకి పోయినదాన్ని మళ్లీ బయటికి పంపిస్తారో లేదో."

"అమ్మా, సూది కూడా ఉండదమ్మా, ఫోటో తీసినట్టే," అన్నాడు కొడుకు.

"ఫోటో అయితే నిలబెట్టి తియ్యమను. పడుకోబెట్టి తీసే ఫోటో నాకొద్దు నాన్నా."

స్కాను తీసే అమ్మాయి నవ్వాపుకుని, ఇవాళ కాకపోతే ఈ అవకాశం పోతుందనీ, మళ్లీ ఇవ్వరనీ చెప్పింది. భర్త అటూ ఇటూ చూశాడు. సంచులు పట్టుకుని కూర్చున్న భార్య కనిపించింది.

"ఊరికే వృథా పోవడం దేనికి? నువ్వు పడుకో," అన్నాడు.

ఆమె సంచులు అత్తగారి ఒళ్లో పెట్టి లేచింది. బల్ల మీద పడుకుంటే వీపు చల్లగా తగిలింది. "ఊపిరి తీసుకుని బిగబట్టండమ్మా, కదలొద్దు," అంది ఆ అమ్మాయి. పట్టపగలు ఇలా వెల్లకిలా పడుకుని ఎన్నాళ్లయిందో. బల్ల లోపలికి జరుగుతుంటే డ్రాయింగ్ టీచరుకు భయం వేయలేదు, ఇంకాస్సేపు ఉండనిస్తే బాగుండుననిపించింది. అంతలోనే అయిపోయింది.

కాసేపయ్యాక డాక్టరమ్మ ముగ్గురినీ తన గదిలోకి పిలిచి, కంప్యూటరు తెర వాళ్లవైపు తిప్పి ముందు ఆయనది చూపించింది. గుండె రక్తనాళాల్లో కాల్షియం పేరుకుంటే తెల్లగా కనిపిస్తుందట, ఎంత ఉందో దానికో అంకె వేస్తారట. "మీది సున్నా అండీ. ఈ వయసులో, అదీ నాన్నగారికి గుండెజబ్బు ఉండి, ఇలా రావడం చాలా సంతోషం." ఆయన ముఖం వెలిగిపోయింది. "నోరు కట్టుకున్నానండీ. ఇన్నేళ్లూ ఒక్కరోజు తప్పలేదు," అన్నాడు. భార్య పక్కనే కూర్చుని ఆయన గడియారం ఇంకా చేతిలో పట్టుకునే ఉంది.

తరువాత డాక్టరమ్మ రెండో బొమ్మ పెట్టి కాస్త ముందుకు వంగింది. బూడిదరంగు గుండె మీద తెల్లటి చుక్కలు. ఒకటి కాదు, రెండు కాదు. బ్లాక్‌బోర్డు కింద రాలి పడిన సుద్దముక్కల్లా ఉన్నాయని డ్రాయింగ్ టీచర్ అనుకుంది. అవి తనవని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"అమ్మా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? దవడ, భుజం లాగుతున్నాయా?"

ఆమె తల ఊపింది. గ్యాసు అనబోయి మానేసింది.

"ఇంట్లో ఇద్దరూ ఒకే తిండి తింటారా?"

"ఒకటే వంటిల్లు కదండీ!" అన్నాడు భర్త.

ఆయన అబద్ధమాడలేదు. ఆయనకు నిజంగానే తెలియదు. అందరూ తిని లేచాక ఆమె తింటుంది. ఆమె కంచంలో ఏముంటుందో ఆయన ఏనాడూ చూసింది లేదు. చూడనందుకు ఆయన మీద కోపం రావాలి. కానీ ఆ క్షణాన ఆమెకు వచ్చింది కోపం కాదు. ఆ కుండ గొప్పను నమ్మి, చెంచా చెంచా నూనె పోసుకుని, ఎవరూ బలవంతపెట్టకుండా తన చేత్తో తానే తిన్న ఏళ్లన్నీ గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది. ఆయన గుండెకు అన్నేళ్లు కాపలా కాసింది. అదే ఇంట్లో తనకూ ఒక గుండె ఉందన్న సంగతి ఆమెకే తట్టలేదు.

"తిండి ఒక్కటే కారణమని కాదమ్మా," అంటోంది డాక్టరమ్మ. "వంశం ఉంటుంది, నిద్ర, ఒత్తిడి, ఇంకా చాలా ఉంటాయి. ఆడవాళ్లు ఎక్కువగా పడిపోయాకే మా దగ్గరికి వస్తారు. మీరు ముందే వచ్చారు. మందులు మొదలుపెడదాం. వచ్చే వారం ఇంకో పరీక్ష చేద్దాం, తప్పకుండా రావాలి."

బయటికొచ్చాక అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. "నేను ధైర్యంగా పడుకుని ఉంటే నీ సంగతి తెలిసేదే కాదు కదే," అంది. అది నిజమే. ఒక ముసలామె పిరికితనం వల్ల, వృథా పోకూడదనే లెక్క వల్ల ఆమె బతికి బట్టకట్టే దారి దొరికింది. దానికి సంతోషించాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

భర్త కారులో తమ్ముడికి ఫోన్ చేసి తన సున్నా గురించి గట్టిగా చెప్పాడు. "వదినకి కొంచెం ఏదో ఉందట," అని చివర్లో చెప్పాడు. ఆయనకూ లోపల భయంగానే ఉన్నట్టుంది. ఇంటి సందు తిరిగాక అన్నాడు: "కంగారు పడకు. రేపట్నుంచి నువ్వూ నా కూరే తినేయ్. కాస్త ఎక్కువ వండు, అంతేగా."

రాత్రి భోజనాల వేళకు ఆయన కూర మళ్లీ తాజాగా వండింది. చేతులు వాటి అలవాటున అవి పనిచేసుకుపోయాయి. భర్త, అత్తగారు బల్ల ముందు కూర్చున్నారు. ఆమె నీళ్లు తేవడానికి వంటింట్లోకి వెళ్లేసరికి కూతురు స్టవ్ దగ్గర నిలబడి ఉంది. పొద్దుటి వేపుడు అడుగంటిన గిన్నెను ఒకవైపు వంచి, చెంచా అంచుతో గీకి తన కంచంలోకి లాగుతోంది. గిన్నె వంచిన తీరు, మోచెయ్యి ఎత్తిన తీరు అచ్చం తనదే. ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు.

"ఏం చేస్తున్నావే?"

"నువ్వు తినకూడదుగా అమ్మా," అంది కూతురు ప్రేమగా. "పారేయడం ఎందుకని. ఇక నుంచి మిగిలింది నేను తినేస్తాలే."

డాక్టరమ్మ ముందు రాని కన్నీళ్లు ఇప్పుడు వచ్చాయి. డ్రాయింగ్ టీచర్ కూతురి చేతిలోంచి గిన్నె తీసుకుంది. ఆ పిల్ల కంచంలో పడిన రెండు ముక్కలూ తిరిగి గిన్నెలోనే వేసింది. దాన్ని తెచ్చి భర్త ముందు పెట్టింది.

"ఇదేంటి?" అన్నాడాయన.

"పొద్దుటి వేపుడు. మీ గుండెకేం ఢోకా లేదని డాక్టరమ్మ చెప్పింది కదండీ. మిగిలింది ఇవాళ మీరు తినండి."

ఆమె గొంతు పెంచలేదు. ఆయన తల్లి వైపు చూశాడు. ఆవిడ కొడుకు వైపు చూడలేదు. తన పక్కనున్న కుర్చీ వెనక్కి లాగి, "కూర్చో అమ్మాయ్," అంది.

డ్రాయింగ్ టీచర్ కూర్చుంది. వెనకే వచ్చి కూర్చున్న కూతురికి కాస్త వేసి, పొగలు కక్కుతున్న నూనె లేని కూర తన కంచంలో వడ్డించుకుంది. ఇన్నేళ్లూ ఉప్పు చూడటానికి అరచేతిలో చుక్క వేసుకోవడమే తప్ప, ఆ కూరతో ఆమె ఒక్క ముద్ద తిన్నది లేదు. కలుపుకుని నోట్లో పెట్టుకుంది. చప్పగా లేదు. బాగుంది. ఇన్నేళ్లలో ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.