ఒక్క రింగు

ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఒక చేత్తో గాలికి కొట్టుకుంటున్న కిటికీ రెక్కను లాగి పట్టుకుని, రెండో చేత్తో టీ కప్పు ఒలికిపోకుండా అడ్డం పెట్టి అక్క మాట్లాడుతోంది. అవతల రొట్టెల దుకాణం ఆయన తన ఊరి మీద పడుతున్న వడగళ్ల గురించి ఏకరువు పెడుతున్నాడు. ఆమె వెనక కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. వాతావరణ కేంద్రంలో ఫోన్ల బల్ల దగ్గర ఆమె చేరాక కుర్చీలు చాలానే మారాయి గానీ, ఒక్కటి కూడా ఆమె కూర్చోవడం వల్ల అరిగింది కాదు.

ఆఫీసులో అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. చాటున మాత్రం కాలుగాలిన పిల్లి అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. బస్సు డ్రైవరైన ఆమె మొగుడు చాటుమాటు లేకుండా ఎదురుగానే అంటాడు. "నేను తిరుగుతున్నానంటే జీతమిస్తున్నారు. నువ్వెందుకే తిరగడం?" ఆమె భోజనం కూడా కంచం పట్టుకుని నడుస్తూనే కానిచ్చేస్తుంది. పెళ్లి ఫొటోలో సైతం పెళ్లికొడుకు ముఖం స్పష్టంగా ఉంటుంది, ఈమెది కాస్త చెదిరి ఉంటుంది.

ఆ ఉద్యోగానికి ఆ కాళ్లు పనికొచ్చాయి. రాడార్ తెర మీద మబ్బు కనిపిస్తుంది గానీ, దాని కింద నేల మీద ఏం జరుగుతోందో కనిపించదు. అందుకు మనుషుల కళ్లు కావాలి. పెట్రోలు బంకు కాపలాదారు, రైలు గేటు మనిషి, రొట్టెల దుకాణం ఆయన, ఇలా ఊరికొకరు ఆకాశం చూసి చెబుతారు. ఉరుములు మొదలైన రోజున వాళ్లందరికీ వరసగా ఫోన్లు చేసి, విన్నది గది అవతలి మూలనున్న రాడార్ అతనికి అరిచి చెప్పడమే అక్క పని. అతను ఆమెకంటే బాగా చిన్నవాడు, ఓపిక గల మనిషి. ఆ అరుపులకు అతనెప్పుడూ విసుక్కోలేదు.

ఈ కళ్లన్నిటిలోనూ కొండవైపు వాగు ఒడ్డునుండే కుట్టుపిన్ని కళ్లు ముఖ్యం. కొండ అడ్డం వచ్చి అటువైపు రాడార్‌కు చూపు ఆనదు. వాగు మాత్రం అక్కడినుంచే దిగి, పట్టణంలోని దిగువ వీధిని ఒరుసుకుంటూ పోతుంది. కొండ మీద కుండపోత పడితే, పొయ్యి మీద కూర ఉడికేలోపు నీళ్లు ఆ వీధిలో ఉంటాయి. పిన్ని ఇంటి వెనక వాగులోకి రాతిమెట్లు ఉన్నాయి. నీళ్లు ఎన్ని మెట్లు ఎక్కాయో పిన్ని చూసి చెబితేనే దిగువ వీధివాళ్లకు పిల్లల్ని ఎత్తుకుని బయటపడే వ్యవధి దొరుకుతుంది.

అక్క, పిన్ని ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. వరస మాత్రం కుదిరింది. పాత బట్టలకు అతుకులు వేసి, పొట్టివాటిని పొడుగు చేసి బతికే ఒంటరి మనిషి ఆవిడ.

ఆ పొద్దున మొదటి ఉరుము వినగానే అక్క ఆవిడకే ఫోన్ చేసింది.

"పిన్నీ, మబ్బెలా ఉంది?"

"నల్లగా, బరువుగా ఉందమ్మాయ్. నువ్వు కూర్చున్నావా, నిలబడ్డావా?"

"కూర్చునే తీరికెక్కడిది?"

"తీరిక కాదు, కుర్చీ చెక్కలా ఉండుంటుంది. నీకో మెత్త కుడుతున్నాను. మంచి మందం గుడ్డ దొరికింది."

"నాకు మెత్త చాలదు పిన్నీ, కట్టేయాలి."

"నాడాలు కూడా పెడుతున్నాలే. కుర్చీకీ నీకూ కలిపి కట్టెయ్యమంటాను మీవాళ్లని." పిన్ని నవ్వబోయి ఆగి, ఊపిరి తీసుకుంది. "ఈ మెట్లే... రెండ్రోజులుగా ఎక్కితే ఆయాసం వస్తోంది."

అప్పుడే ఇంకో ఫోను మోగింది. అక్క "మళ్లీ చేస్తాను" అని పెట్టేసింది. ఆయాసం సంగతి చెవిన పడింది గానీ మనసుకు ఎక్కలేదు.

మధ్యాహ్నానికి ఆకాశం రెండుగా చీలినట్టయింది. పడమటి పొలాల మీద మబ్బు గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. సుడిగాలి దిగొచ్చేమోనని రాడార్ అతను తెరకు ముక్కు ఆనించి కూర్చున్నాడు. ఇటు కొండ మీద ఇంకో మబ్బు కదలకుండా తిష్ఠ వేసింది. అక్కకు అదే నచ్చలేదు.

"పిన్నీ, ఓసారి చూడు."

"ఇప్పుడా? సరే, వెళ్తున్నా."

గాలివాన రోజున లైన్లు దొరకవని ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. నీళ్లు మామూలుగా ఉంటే పిన్ని ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తుంది. పెరిగితే అక్క ఎత్తేదాకా మోగిస్తుంది. గోడ పక్కనున్న పాత ఫోను పిన్నికోసమే. ఈ సంగతి ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు, కానీ ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

కాసేపటికి పాత ఫోను మోగింది. ఒక్క రింగు. ఆగిపోయింది.

"పిన్నేమంటోంది?" రాడార్ అతను తల తిప్పకుండానే అడిగాడు.

"ఒక్క రింగే."

"హమ్మయ్య. అయితే పడమర చూద్దాం."

అక్క రైలు గేటు మనిషికి ఫోన్ చేసింది. బంకు కాపలాదారుకు చేసింది. మధ్యలో కిటికీ దగ్గరికి వెళ్లింది. కొండ కనిపించడం లేదు, దాని చోట నలుపు ఉంది. రింగు వచ్చాక పిన్నికి మళ్లీ చేయడం అలవాటు లేదు. కానీ కాళ్లు నిలవలేదు. చేసింది.

పిన్ని ఫోను స్విచాఫ్ అయి ఉంది.

"చార్జింగ్ అయిపోయుంటుందక్కా."

"వాన రోజున పిన్ని చార్జింగ్ అయిపోనివ్వదు."

"మరి రింగిచ్చిందిగా?"

ఇచ్చింది. అక్కడే చిక్కు. క్రితం నెల సుడిగాలి వస్తోందని దిగువ వీధిని ఖాళీ చేయిస్తే, ఆ సాయంత్రం ఆకు కదల్లేదు. ముసలివాళ్లతో, చంటిపిల్లలతో గట్టు మీది హాల్లో పడిగాపులు పడ్డ జనం తిట్టిపోశారు. చూసినవాళ్ల నోట ఖాయంగా వినకుండా సైరన్ మోగించొద్దని పెద్దాఫీసరు ఇద్దరినీ నిలబెట్టి చెప్పాడు. ఇప్పుడు చూసిన మనిషి అంతా బాగుందనే చెప్పినట్టు. దాన్ని కాదని మోగిస్తే, వట్టిదైతే, ఇంకోసారి సైరన్ విని ఆ వీధిలో ఒక్కడూ గడప దాటడు.

అక్క గది ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. మళ్లీ చేసింది. స్విచాఫ్.

"ఆ రింగును నేను నమ్మను" అంది. "అది పెట్టేసిన రింగు కాదు. తెగిపోయిన రింగు."

రాడార్ అతను ఆమె ముఖంలోకి చూశాడు. "తేడా ఏంటక్కా?"

"ఏమో. నాకు భయంగా ఉంది."

అతను తెర వదిలి ఫోను అందుకున్నాడు. సైరన్ మోగించమని ఆ గదికి చెప్పి, బాధ్యులుగా ఇద్దరి పేర్లూ ఇచ్చాడు.

దిగువ వీధి సణుక్కుంటూనే కదిలింది. వంటలు ఆపి, తాళాలు వేసి, పిల్లల్ని చంకనేసుకుని గట్టు మీది హాలుకు చేరారు. ఆఖరి మనిషి గట్టెక్కాడని ఆ వీధి వార్డు చూసుకునే మనిషి ఫోన్లో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. తర్వాత అతని గొంతు మారిపోయింది. "అక్కా, మా ఇంటి తలుపు వీధిలో కొట్టుకుపోతోంది."

ప్రాణం ఒక్కటి కూడా పోలేదు. రాడార్ అతను ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. అక్కకు మాత్రం సంతోషం దగ్గరికే రాలేదు. హెచ్చరిక ఎత్తేసేదాకా బల్ల వదలకూడదు. అవతల పొలాల మీద సుడి దిగకుండానే విడిపోయేవరకూ అందరితో మాట్లాడుతూ, సందు దొరికినప్పుడల్లా పిన్నికి చేస్తూ, నిప్పుల మీద ఉన్నట్టు గడిపింది.

వాన వెలిశాక మళ్లీ చేస్తే పిన్ని ఫోను మోగింది. ఎవరో ఎత్తారు. పిన్ని గొంతు కాదు.

"నేను పక్కింటామెనండీ. ఫోను కింద పడి బ్యాటరీ ఊడిపోయుంటే ఇప్పుడే పెట్టాను. ఆవిడ పోయారండీ. ఫోను పక్కనే పడున్నారు. ఒంటిమీద రెయిన్‌కోటు ఉంది. పాదాలు ఇంకా తడిగానే ఉన్నాయి."

అక్క కుర్చీ వెతుక్కుని కూర్చుంది. అంత వానలో ఆ మెట్ల దగ్గరికి పంపింది తనే. ఆయాసం అని చెబితే వినకుండా ఫోన్ పెట్టేసిందీ తనే. "నేనే పంపాను" అంది. రాడార్ అతను వచ్చి పక్కన నిలబడ్డాడు. చాలాసేపు అక్కడే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే అక్క తన మొగుడి బస్సులో కొండవైపు వెళ్లింది. దారి పొడుగునా కదలకుండా కూర్చుంది. అతను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు గానీ ఎగతాళి చేయలేదు.

పక్కింటామె పిన్ని ఇంటి తలుపు తీసింది. ఒకే గది, వెనక తలుపు, దాని అవతల బురద కప్పిన మెట్లు. కిటికీ దగ్గర కుట్టుమిషను. దాని మీద నీలం గుడ్డతో కుట్టిన మందపాటి మెత్త. దానికి మూడు మూలలా నాడాలు కుట్టి ఉన్నాయి. నాలుగో నాడా కుట్టాల్సిన చోట గుండుసూదితో గుచ్చి ఉంది.