కుడి చక్రం ఎడమకు

చక్రాలు మార్చడం అయ్యాక మద్దిలేటి లారీ ఎక్కుతాడు. ఎక్కింది కుడి తలుపులోంచి. కూర్చున్నది మాత్రం ఎడమ సీట్లో. స్టీరింగు ముందు నాగముని ఉన్నాడు.

లారీ మద్దిలేటిది. నాగముని రెండో డ్రైవరు. తాడిపత్రిలో నల్లబండలు ఎత్తుకుని ఇద్దరూ చెన్నై రేవుకు పోతారు. ఒకరు నడుపుతుంటే ఒకరు సీట్ల వెనక పడకలో నిద్రపోతారు. నాగముని చేతిలో బండి ఉన్నప్పుడు మద్దిలేటికి పట్టే నిద్ర ఇంట్లో కూడా పట్టదు. ఏ గుంతలో పడ్డా మెలకువ రాదు.

ముందు టైర్లు ఒక్క అంచునే అరుగుతున్నాయని మస్తాన్ షాపులో కుడిదాన్ని ఎడమకు, ఎడమదాన్ని కుడికి వేయించారు. ఒక్కో చక్రంలోనూ గాలి ఎంత ఉందో చెప్పే సెన్సార్ ఉంటుంది. అది చెప్పింది స్టీరింగు పక్కన తెర మీద పడుతుంది. చక్రం చోటు మారితే ఆ సంగతి సెన్సార్‌కు నేర్పాలి. నేర్పకపోతే అది పాత చోటునే తనదని చెబుతూ ఉంటుంది.

"సెన్సార్లకు నేర్పించినావా?" అని అడుగుతాడు మద్దిలేటి.

"నేర్పించినాలే అన్నా, నువ్వు కూర్చో," అంటాడు నాగముని.

బండి కదులుతుంది. తెర మీద కుడి అన్నచోట ఎడమ చక్రం ఉంది. రోడ్డు పక్కన ఊరు తెరకు తగ్గట్టు సర్దుకుంటోంది. సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం నెమ్మదిగా రోడ్డు దాటి అవతల నిలబడుతుంది. గేదెలు దానికి దారి ఇస్తాయి. ట్రాఫిక్ పోలీసు దాన్ని ఆపడు. నాగముని చొక్కా జేబులో మద్దిలేటి కళ్లద్దాలు ఉన్నాయి. మద్దిలేటి తన జేబు తడుముకుంటే నాగముని వేసుకునే కడుపుమంట మాత్రలు చేతికి తగులుతాయి.

మధ్యాహ్నం భోజనానికి బండి మద్దిలేటి ఇంటి ముందు ఆగుతుంది. నాగముని దిగి, చెప్పులు గడప పక్కన విడిచి, లోపలికి పోతాడు. మద్దిలేటి కూతురు పరుగెత్తుకొచ్చి "నాయనా" అని అతని నడుము చుట్టుకుంటుంది. మద్దిలేటి దిగబోతాడు. ఎడమ తలుపుకు లోపలివైపు పిడి లేదు. నాగముని దిగిన తలుపు తెరుచుకోదు.

మద్దిలేటి భార్య అనసూయ టిఫిన్ డబ్బా పట్టుకుని కిటికీ దగ్గరికి వస్తుంది.

"మద్దిలేటన్నా, దిగొద్దులే. ఈడికే తెచ్చినా."

పెళ్లయిన నాటి నుంచి భార్య నోట అతను తన పేరు వినలేదు. ఇప్పుడు వింటున్నాడు. బాగా పలుకుతుంది. తడబాటు లేదు.

డబ్బాలో అలసంద వడలు ఉన్నాయి. కొరికితే కారం తగలదు. కారం పడనిది నాగమునికి. ఆ సంగతి మద్దిలేటి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

"అనసూయా, ఇంట్లోకి పోయినాయన ఎవరు?"

"తెర మీద కుడిపక్క ఉండే ఆయన."

"తెర తప్పు చెప్తాంది."

"తప్పయితే అందరికీ ఒకే మాదిరి ఎట్ల చెప్తాది?" అంటుంది ఆమె. ఖాళీ డబ్బా కోసం చెయ్యి చాపి నిలబడుతుంది. అతను ఇంక తినడని చూసి, మూత పెట్టి తీసుకుపోతుంది.

మద్దిలేటి మస్తాన్‌కు ఫోన్ చేస్తాడు.

"నేర్పబోయినా అన్నా," అంటాడు మస్తాన్. "నాగముని వద్దన్నాడు. నువ్వు టీ తాగతాంటివి. 'ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి పెట్టినా, అన్నకు ఏం ఇబ్బంది ఉండదు' అన్నాడు."

"ఇప్పుడు వచ్చి నేర్పు."

"చక్రానికైతే నేర్పుతా. మనుషులు నేర్చుకున్నాంక మరిపించే మిషను నా కాడ లేదన్నా."

మద్దిలేటి కిటికీలోంచి దూరి కిందికి దిగుతాడు. తను దిగడం వీధిలో ఎవరూ చూసినట్టు లేదు. ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, వాల్వు మూత తీసి, లోపలి పిన్నును గోటితో నొక్కుతాడు.

గాలి బయటికి వస్తుంది. అందులో మొదట రోడ్డు హోరు. తర్వాత నాగముని గొంతు, వెనక పడుకున్నవాణ్ణి లేపకూడదని తగ్గించుకున్న గొంతు.

"పండుకున్నాడు. ఇంక చెప్పు."

తర్వాత ఫోనులోంచి అనసూయ నవ్వు. ఆ నవ్వు మద్దిలేటికి కొత్త. అతని ఇంట్లో అది ఎప్పుడూ వినపడలేదు.

గోరు నొప్పి పుడుతున్నా తియ్యకుండా వింటాడు. ముద్దు మాటలు దాదాపు లేవు. అన్నీ సంసారం మాటలే. పాపను ఏ బళ్లో వెయ్యాలో వాళ్లు మాట్లాడుకుంటారు. గోడలకు ఏ రంగు వెయ్యాలో, అత్తకు కంటి ఆపరేషను ఏ ఊళ్లో చేయించాలో తేల్చుకుంటారు. ఇవన్నీ తానే ఆలోచించి తేల్చానని ఇంతకాలం మద్దిలేటి అనుకున్నాడు. ముద్దు మాటలైతే లేచి కొట్టి ఉండేవాడు. వీటికి ఏం చెయ్యాలో అతనికి తోచదు.

"అన్నకు చెప్దామా?" అంటుంది గాలిలో అనసూయ.

"నిద్రపోనీ. అలిసిపోయినాడు పాపం," అంటాడు నాగముని.

మద్దిలేటి గోరు తీస్తాడు. గాలి ఆగదు.

లారీ మాత్రం ఒరగదు. చక్రం బిగువుగానే ఉంది. కుంగుతున్నది నేల. చక్రం కింద రోడ్డు మెత్తబడి లోపలికి పోతుంది. దానితో పాటు వాకిలి, గడప, వంటిల్లు అతని వైపు వాలతాయి. లోపలివాళ్లు పీటల మీద కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే జారి వస్తారు. కూతురు చేతిలో ముద్ద అలాగే ఉంది. అనసూయ గరిటె వదలదు. ఇరుగుపొరుగులు నులకమంచాలతో సహా వచ్చి చేరతారు. ఎవరూ కేక వెయ్యరు. ముందు వచ్చినవాళ్లు వెనక వాళ్లకు చోటిచ్చి జరుగుతారు.

నేల అంచులు చుట్టూ పైకి లేస్తాయి. ఆకాశం జల్లెడంత అవుతుంది, తర్వాత గాజంత. అడుగున మోకాలికి మోకాలు తగిలేలా అందరూ కూర్చుని ఉన్నారు. ఎవరి ముఖం ఎవరికీ కనిపించదు.

పైన ఎవరో నడుస్తున్నారు. చాలా పెద్ద అడుగులు, తొందర లేనివి. అవి ఆగుతాయి. ఒక ఇనప రాడ్డు నేల అంచును ఒక్కసారి కొడుతుంది, టైర్లో గాలి ఉందో లేదో చప్పుడును బట్టి తెలుసుకునేవాళ్లు కొట్టినట్టు. గుంత అంతా మోగుతుంది. అందరూ ఊపిరి బిగబడతారు.

నాగముని చెయ్యి చీకట్లో అనసూయ చేతి కోసం వెతికి, మద్దిలేటి చేతిని పట్టుకుంటుంది. భయపడొద్దన్నట్టు బొటనవేలితో అరచేతిని మెల్లగా రాస్తుంది. మద్దిలేటి చెయ్యి వెనక్కి తీసుకోడు. ఎవరూ ఇంత ఓపికగా తన చేతిని ఎప్పుడూ పట్టుకోలేదు.

పైన రాడ్డు మళ్లీ లేస్తుంది.