దివాకరం పర్సులో హైమవతి పేరు

నేను ఒక క్రెడిట్ కార్డుని. ఉన్నమాట చెప్పాలంటే రెండు ముక్కలైన కార్డుని. ఒక ముక్క మీద ‘హైమ’ అని ఉంది, రెండో ముక్క మీద ‘వతి కొత్తపల్లి’ అని ఉంది. కెనడాలో ఎడ్మంటన్ అనే చలి ఊళ్ళో, ఒక బ్యాంకు అలమరలో, ప్లాస్టిక్ సంచీలో పడి ఉన్నాను. నాకు చాలా కోపంగా ఉంది. ఎవరి మీద అని అడిగితే చాంతాడంత జాబితా చెబుతాను. అందులో నేనూ ఉన్నాను.

పుట్టినప్పుడు నాకు పేరు లేదు. పెద్ద ప్లాస్టిక్ రేకులో నాలాంటివాళ్ళం వందలమంది ఒకరినొకరు అంటుకుని పడుకున్నాం. కోశారు, చిప్పు అతికించారు, వీపు మీద సంతకం కోసం తెల్లటి కాగితం పట్టీ అంటించారు. చివరికి మరో యంత్రం నా ముఖం మీద హైమవతి కొత్తపల్లి అని అచ్చుకొట్టింది. ఆ క్షణాన నేను పొంగిపోయాను. ప్రపంచంలో ఒకే ఒక్క మనిషికి చెందినదాన్ని అనుకున్నాను. నన్ను జిగురుతో ఒక ఉత్తరానికి అతికించి కవరులో పెట్టారు. ‘అందిన వెంటనే వెనకవైపు సంతకం చేయండి’ అని ఆ ఉత్తరంలో ఉంది. సరే, ఆవిడ కవరు చింపుతుంది, పెన్ను తీస్తుంది, నా వీపు మీద తన పేరు రాస్తుంది అని దారి పొడుగునా కలలు కన్నాను.

కవరు చింపింది మాత్రం గరుకు వేళ్ళున్న మగచెయ్యి. ఎడమచేతి మీద నూనె చిట్లిన మచ్చలు. ఆయన పేరు దివాకరం. టిఫిన్ల కొట్టు నడిపేవాడు. గరాజులో కారు లోపల కూర్చుని, తలుపు వేసుకుని మరీ చింపాడు. ఉత్తరం నుంచి నన్ను పీకి, ఫోనుకు వచ్చిన అంకెలేవో కొట్టి, నాకు ప్రాణం పోశాడు. ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి, నన్ను పర్సులో దోపాడు. నా వీపు మీద ఎవరూ ఏమీ రాయలేదు.

ఈ ఇంటికీ ఆ పేరుకీ సంబంధమేమిటో ఆ తర్వాత వంటింటి మాటలు వింటూ తెలుసుకున్నాను. హైమవతిది తాడేపల్లిగూడెం. ల్యాబ్ టెక్నీషియన్. కాగితాలన్నీ మంజూరై ఆగస్టులో ఒక్కతే దిగింది. భర్త, ఆరేళ్ళ పాప అక్కడే ఉన్నారు. వాళ్ళ వీసాలకు ఫిబ్రవరి ఆఖరు దాకా గడువు. ఆలోగా ఈమె ఒక ఇల్లు చూడాలి, వాళ్ళు వచ్చి దిగాలి. గడువు దాటితే ఆ వీసాలు చిత్తుకాగితాలే. మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు, మళ్ళీ ఏళ్ళు.

దివాకరం భార్య సువర్చలది కూడా తాడేపల్లిగూడెమే, అదే వీధి. అందుకని సువర్చల ‘అక్క’ అయింది, దివాకరం ‘బావగారు’ అయ్యాడు. ఎయిర్‌పోర్టుకు వచ్చి తీసుకెళ్ళింది ఆయనే. ఇంటి కింద బేస్‌మెంటులో ఒక గది ఇచ్చాడు, తనకు బిగుతైన చలికోటు ఇచ్చాడు. వారం తిరక్కుండా ఆమె చేత పన్ను నంబరు తీయించాడు, బ్యాంకు ఖాతా తెరిపించాడు. అవన్నీ మంచిపనులే. నేను కాదనను. అందుకే కదా నాకు ఇంత మంట.

హైమవతి ఎక్కడ పప్పులో కాలేసిందో కూడా విన్నాను. ఆ రోజు ఆయన తన లాప్‌టాప్‌లో అన్నీ తానే నింపాడట.

“అడ్రసు మనదే వేసేశానమ్మాయ్. ఫోన్ నంబరు కూడా నాదే. నీకింకా సిమ్ము సరిగ్గా లేదు కదా. ఉత్తరాలు ఎక్కడికీ పోవు, డబ్బా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఇదుగో, ఇక్కడోసారి, ఇక్కడోసారి వేలితో సంతకం గీసెయ్.”

“ఆయ్, అలాగేనండి.”

మొదటి సంతకం ఆమె ఖాతాకు. రెండోది నాకు, అదీ వేరే బ్యాంకుకు. ఆమె చదవలేదు. రక్తనమూనా మీద ఉన్న చీటీని మూడుసార్లు చదివితే గాని యంత్రంలో పెట్టని మనిషి ఆ తెర మీద ఒక్క వాక్యం చదవలేదు. ఎందుకంటే పెద్దాయన ఎదురుగా కూర్చుని అంత శ్రమపడి నింపిపెట్టాక, ఆయన ముందే చదవడం మొదలుపెడితే అనుమానించినట్టు ఉంటుంది, మర్యాద కాదు. మనవాళ్ళ మర్యాద ఇలాంటి చోటే పొంగుకొస్తుంది మరి. తల్లి నోటి నుంచి రావాల్సిన ‘చదివి సంతకం పెట్టవే’ అన్న మాట ఎవరూ అనలేదు కాబోలు.

దివాకరం పుట్టు దొంగ కాడు. ఆ మాటా చెప్పాలి. కొట్టు నష్టాల్లో ఉంది, తన సొంత కార్డులన్నీ నిండిపోయాయి. నన్ను వాడిన మొదటిసారి సరుకుల దుకాణంలో పిండి బస్తాల ముందు నిలబడి, “రెండు నెల్లే, కట్టేస్తాను” అని గొణుక్కున్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. నేను తప్ప అక్కడ వినేవాళ్ళు లేరు. మొదటి నెల కొంచెం కట్టాడు. తర్వాత మానేశాడు. బ్యాంకు నుంచి ఆమె పేరున ఉత్తరాలు వచ్చేవి. వాటిని గరాజులో పాత టైర్ల వెనక దాచేవాడు. సాయంత్రం హైమవతి పని నుంచి వచ్చి, “నాకేమైనా వచ్చాయా బావగారూ” అని అడిగేది. “ఏం రాలేదమ్మాయ్” అనేవాడు. పర్సులో ఉండి ఆ రెండు మాటలూ నేను ఎన్నిసార్లు విన్నానో. ఆమె గొంతు నాకు బాగా తెలుసు. ముఖం మాత్రం తెలియదు.

ముఖం చూసింది దసరా నాడు.

ఆ ఇంట్లో ఆయుధపూజ తప్పకుండా చేస్తారు. ఆయుధాలు ఎక్కడివి, కారు తాళాలు, దోసెల అట్లకాడ, డ్రిల్లింగ్ మెషీను, లాప్‌టాప్. పొగకు అలారం మోగుతుందని దానికి స్నానాల టోపీ తొడిగారు. సువర్చల పీట మీద పసుపు గుడ్డ పరిచి, “మీ పర్సులో కార్డులు కూడా తీసి పెట్టండి, వ్యాపారం బాలేదు కదా” అంది. దివాకరం నీళ్ళు నమిలాడు. “ఎందుకే అవన్నీ” అన్నాడు. ఆవిడ చెయ్యి చాచి నిలబడింది. ఇక తప్పక ఐదు కార్డులు తీశాడు. నన్ను మాత్రం మధ్యలో ఇరికించి, అన్నింటినీ బోర్లా పెట్టాడు. నా ముఖం పసుపు గుడ్డలో కూరుకుపోయింది.

“హైమా, నీ చెయ్యి మంచిది. నువ్వు పెట్టమ్మా బొట్లు” అంది సువర్చల.

హైమవతి వంగింది. తడిపిన కుంకుమ ఉంగరపు వేలితో అద్దుకుని, తాళాలకు పెట్టింది, అట్లకాడకు పెట్టింది, ఒక్కో కార్డుకూ పెట్టింది. నా వంతు వచ్చింది. సరిగ్గా సంతకం ఉండాల్సిన తెల్లపట్టీ మీద ఆమె వేలు ఆనింది. అయ్యో తల్లీ, ఒక్కసారి తిప్పి చూడు, నేను నీదాన్ని, కింద ఉన్నది నీ పేరే అని నా చిప్పంతా అరిచింది. ప్లాస్టిక్ అరిస్తే ఎవరికి వినబడుతుంది. దివాకరం మాత్రం హారతి వేళ కాకముందే పళ్ళెం అందుకున్నాడు. హైమవతి కళ్ళు మూసుకుని, “ఫిబ్రవరిలోపు ఇల్లు దొరకాలి తల్లీ” అని పైకే మొక్కుకుంది. దేవుడి పటం కూడా ఏమీ మాట్లాడలేదు. నా జాబితాలో ఆ పటం కూడా ఉంది.

ఆ తర్వాత గరాజులో ఆయన బొటనవేలితో నన్ను రుద్దాడు. ప్లాస్టిక్ మీది కుంకుమ పోయింది గానీ కాగితం పట్టీ పీల్చుకున్నది పోలేదు.

జనవరిలో ఆమెకు ఒక ఇల్లు నచ్చింది. ల్యాబ్‌కు దగ్గర, స్కూలుకు నడిచి వెళ్ళొచ్చు. భర్తకు వీడియోలో గోడలన్నీ చూపించింది, పాప మంచం ఏ గదిలో వెయ్యాలో కూడా వాళ్ళు ఖాయం చేసుకున్నారు. నాలుగు రోజుల తర్వాత వంటింట్లోకి వచ్చి నిలబడింది. దివాకరం అన్నం తింటున్నాడు. నేను ఆయన వెనక జేబులో ఉన్నాను.

“ఇల్లు ఇవ్వనన్నారు బావగారూ. ఇక్కడ ఇల్లు ఇచ్చే ముందు బ్యాంకు అప్పుల రిపోర్టు తీస్తారట, అందులో నా పేరున ఏదో కార్డు ఉందట, కట్టలేదట. నాకు అసలు కార్డే లేదు కదండి. ఎవరో దొంగతనంగా తీసుకున్నారు.”

ఆయన ముద్ద మింగాడు. మంచినీళ్ళు తాగాడు.

“ఇక్కడ ఇలాంటివి మామూలే అమ్మాయ్. నేను కనుక్కుంటాను. నువ్వు మాత్రం ఎవరికీ ఫోన్ చెయ్యకు. కొత్తగా వచ్చినవాళ్ళు ఫిర్యాదులూ అవీ ఇస్తే రికార్డులో పడిపోతుంది. రేపు మీ ఆయన వాళ్ళని దిగనివ్వకుండా ఆపేసినా ఆపేస్తారు.”

“అమ్మో, వద్దులెండి” అంది హైమవతి. ఆ పిమ్మట ఆమె అన్న మాట నన్ను నిలువునా కాల్చేసింది. “మీరున్నారు కాబట్టి సరిపోయింది బావగారూ. లేకపోతే ఈ దేశంలో నేనేమైపోదును.”

ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. ఫిబ్రవరి ఆఖరుకు అప్పటికి ఐదు వారాలుంది.

నన్ను బయటపెట్టింది సువర్చల. ఒక ఆదివారం పొద్దున దివాకరం వాకిట్లో మంచు తోడుతుండగా, పాలు తేవడానికి కార్డు కోసం పర్సు తెరిచింది. ఎర్రటి మరక కనబడింది. “అమ్మవారి బొట్టు ఇంకా ఉందే” అని ముచ్చటపడి నన్ను పైకి లాగింది. ముఖం తిప్పింది. ఆవిడకు ఇంగ్లీషు చదవడం నెమ్మది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. రెండోసారి మొదటి నుంచి చదివింది. తర్వాత స్టవ్ పక్కనున్న స్టూలు మీద కూలబడింది. బయట పార గీసిన చప్పుడు వినబడుతూనే ఉంది.

నన్ను కొంగు చాటున పెట్టుకుని బేస్‌మెంటు మెట్లు దిగింది. హైమవతి బట్టలు మడతపెడుతోంది.

“నీ చేతనే బొట్టు పెట్టించాను హైమా. నాకు తెలీదు. నా పిల్లల మీద ఒట్టు, నాకు తెలీదు.”

హైమవతి నన్ను అందుకుంది. నా యజమాని నన్ను ముఖం చూసి పట్టుకోవడం అదే మొదటిసారి. వేలితో తన పేరు తడుముకుంది. వెనక్కి తిప్పి, తన బొట్టు తనే చూసుకుంది. ఆ వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

“ఆయన చేత కట్టిస్తాను” అంది సువర్చల. “నా గాజులు అమ్మైనా కట్టిస్తాను. ఫిర్యాదు కాగితం మాత్రం పెట్టకమ్మా. పోలీసులొస్తారు. కొట్టు పోతుంది, మేం రోడ్డున పడతాం.”

“ఎప్పటికి కడతారక్కా? నా పేరు ఎప్పటికి బాగవుతుంది?”

సువర్చల ఏడ్చింది. హైమవతి ఆవిడకు మంచినీళ్ళిచ్చింది, భుజం మీద చెయ్యి వేసింది, నన్ను మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుంది. మెట్ల దగ్గర దివాకరం ఎదురుపడ్డాడు. “అమ్మాయ్, అది కాదు, నా మాట విను” అన్నాడు. ఆమె చలికోటు విప్పి, మడతపెట్టి, మెట్టు మీద పెట్టింది. పైన ఉన్నితో అల్లిన స్వెట్టరు ఒక్కటే వేసుకుని, ఆ మంచులో బస్‌స్టాపు దాకా నడిచింది. నేను ఆమె చేతిసంచిలో ఉన్నాను. దారిలో ఒక్కసారి గట్టిగా ఏడ్చింది, అది ఆయన వినలేదు.

ల్యాబ్‌లో ఆమె పక్కన పనిచేసే మారితెస్ అనే ఫిలిప్పీన్స్ ఆవిడ తన ఇంటి పైభాగంలో రెండు గదులు ఇచ్చింది. బ్యాంకు అప్పుల రిపోర్టు అడగలేదట. “పాపకు కుక్కలంటే భయమా?” అని మాత్రం అడిగిందట. ఈ సంగతులు హైమవతి ఫోన్లో భర్తకు చెబుతుంటే విన్నాను. టిక్కెట్లు ఫిబ్రవరి ఇరవై రెండుకు తీసుకున్నారు.

కానీ పేరు శుభ్రం కావాలి కదా. మరునాడు ఈ బ్యాంకుకు వచ్చింది. బల్ల అవతల కళ్ళజోడు పెట్టుకున్న ఉద్యోగిని ఫారం ముందుకు జరిపింది. హైమవతి మొదటి పేజీ మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టింది. ఉద్యోగిని గడియారం చూసుకుంది, వెనక వరుసలో ఎవరో దగ్గారు. ఆమె తలెత్తలేదు. ఆరు పేజీలూ చదివింది. నాకు ఒక పక్క గర్వంగా ఉంది, ఇంకో పక్క ఆగస్టు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

“ఈ కార్డు ఎప్పుడైనా మీ చేతిలోకి వచ్చిందా? ఎప్పుడైనా ముట్టుకున్నారా?” అని ఉద్యోగిని అడిగింది. “ముట్టుకోలేదంటే మీ కేసు తేలిక.”

లేదు అనేస్తే పోయేది. నేను అదే కోరుకున్నాను. హైమవతి కాసేపు నా వీపు వైపు చూసింది.

“ముట్టుకున్నాను. పండగ రోజు బొట్టు పెట్టాను. నా పేరుందని అప్పుడు తెలియదు.”

ఉద్యోగిని కళ్ళజోడు సవరించుకుని, ఆ ఎర్ర మరక చూసి, సిరాయా అని అడిగింది. హైమవతి వివరించింది. అదంతా ఆవిడ ఓపిగ్గా రాసుకుంది.

“ఎవరు వాడారో తెలుసా?”

“తెలుసు.” దివాకరం పూర్తి పేరు, తాను ఐదు నెలలుగా తనదని చెప్పుకున్న ఆ ఇంటి అడ్రసూ రాసింది.

“మీకు ఏమవుతారు?”

హైమవతి పెన్ను ఆగింది. ఇంగ్లీషులో ‘బ్రదర్ ఇన్ లా’ అని రాసి, చూసుకుని, కొట్టేసింది.

“ఏమీ కారు. అలా పిలిచేదాన్ని” అంది.

ఉత్తరాలు ఎక్కడికి పంపాలని అడిగితే, కొత్త అడ్రసు చెప్పి, సంచిలోంచి చిన్న తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. “డబ్బా తాళంచెవి నా దగ్గరే ఉందండి” అంది, ఆవిడ అడక్కపోయినా.

చివరి పేజీలో సంతకం చేసింది. హ చుట్టూ ఒక సున్నా తిప్పి, ఇంటిపేరు కింద గీత లాగింది. చక్కటి సంతకం. నా వీపు మీద ఉండాల్సిందే అది. ఇన్నాళ్ళకు చూశాను, ఈ కార్డు నాది కాదు అని రాసిన వాక్యం కింద.

ఉద్యోగిని కత్తెర తీసింది. హైమవతి తల పక్కకు తిప్పుకుంది. కోస్తే సరిగ్గా బొట్టు మీద నుంచే పోయింది, చెరో సగం కాస్త ఎరుపు మిగిలింది.